లోపల వదిలిన బట్ట

ఆ బజారులో అతన్ని లూజు మాస్టరు అనేవాళ్లు. చాటుగా ఏం కాదు, మొహం మీదే, నవ్వుతూ. పాతికేళ్లుగా పిల్లల బట్టలు కుడుతున్నాడు. ఆ పాతికేళ్లలో ఒక్క పిల్లకైనా ఒంటికి అతికినట్టు కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు. అతను కుట్టిన చొక్కా చేతులు వేళ్లను మింగేసేవి. గౌను మోకాళ్లు దాటి పిక్కల మీదికి జారేది. ఇది మా వాడికా, వాళ్ల తాతకా అని తల్లులు అడిగేవాళ్లు. అతని పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి కనక జవాబు కళ్లతోనే చెప్పేవాడు. పెరుగుతాడులే అనేవి ఆ కళ్లు.

అది మేనమామ పెట్టిన బుద్ధి. పని నేర్పిన ఆ మేనమామ చెక్క స్కేలుతో మెటికల మీద కొట్టి మరీ రెండు మాటలు ఒంటబట్టించాడు. కొలిచి కొయ్యాలి గానీ కోసి కొలవకూడదు. పిల్లల బట్ట ఈ ఏటికి కాదు, వచ్చే ఏటికి కుట్టాలి. అందుకని అతను గౌను అంచున నాలుగంగుళాల బట్ట లోపలికి మడిచేవాడు. పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాలు వదిలేవాడు. కత్తెర చేతిలో ఉన్నవాడికి ఆ బట్ట అడ్డంగానే ఉంటుంది. అయినా దాన్ని తెగ్గొయ్యడం అతను ఎరగడు.

ఆ దాచిన బట్టంటే అతనికి ఇష్టం. ఎండ సోకక, సబ్బు రాపిడి తగలక దాని రంగు లోపల నిద్రపోతూ ఉంటుంది. ఏడాది తిరిగాక ఏ తల్లో వచ్చి మడత విప్పమంటుంది. విప్పగానే వెలిసిపోయిన గౌను అడుగున చారెడు కొత్త రంగు మేలుకుంటుంది. ఆ పిల్ల ఏడాదిలో ఎంత ఎదిగిందో ఆ పట్టీయే చెబుతుంది. పాత గీతకీ కొత్త అంచుకీ మధ్య వేలు పెట్టి అతను ఒక్క క్షణం చూసుకునేవాడు. తానే పెంచినంత గర్వంగా ఉండేది.

పెళ్లయిన పదకొండేళ్లకు అతనికి కూతురు పుట్టింది. అందరూ గుండీ అని పిలిచేవాళ్లు. ఊయల కట్టే చోటు లేక దుకాణంలో కత్తిరింపు బల్ల కింద, ముక్కల మూట మీద పడుకోబెడితే, ఆ పిల్ల పాకుతూ పోయి గుండీల డబ్బా బోర్లించుకుని అందులో కూర్చునేది. నోట్లోంచి ఎన్ని తీశాడో లెక్కలేదు. ఒకసారి ఒకటి దొరకనేలేదు. రెండు రోజులు తల్లీ తండ్రీ నిద్రపోలేదు. మూడో రోజు అది తన దారిన తాను బయటికొచ్చింది. దాన్ని కడిగి ఆ ఏటి పుట్టినరోజు గౌనుకు పై గుండీగా కుట్టాడు.

ఏటా పుట్టినరోజుకి ముందు కొలతలు తీయడం ఆ ఇంట్లో ఒక తంతు. పిల్ల స్టూలెక్కి నిలబడేది. అతను మెడలోంచి టేపు తీసి, దుకాణంలో పిలిచినట్టే పెద్దగా అంకెలు పిలిచేవాడు. పొడుగు. ఛాతీ. నడుము. నాలుగో ఏటి నుంచి ఆ అంకెలు పిల్లే నోటుపుస్తకంలో రాసుకునేది, స్టూలు మీద నిలబడే, పుస్తకం అమ్మ వీపు మీద పెట్టి. టేపును తలకిందులుగా చదవడం కూడా నేర్చేసుకుంది. అయిదేళ్లకు ఛాతీ ఇరవై రెండు. ఆరుకు ఇరవై నాలుగు. ఏడుకు ఇరవై అయిదే.

ఆ ఏడో ఏట ఒక్క అంగుళమే పెరిగిందేమిటని అతను టేపు మళ్లీ వేసి చూశాడు. అప్పటికే పిల్ల కాళ్ల మీద నీలం మచ్చలు ఉండేవి. ఆటల్లో తగిలినవనుకున్నారు. మచ్చలు చేతుల మీదికి పాకాయి. తర్వాత జ్వరం వచ్చి పోనంది. రక్తంలోనే జబ్బుందన్నారు. తల్లి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని మానేసింది. ఆసుపత్రి నడవాలు, సూదులు, సీసాలు, జుట్టు రాలిపోవడం, మళ్లీ మొలవడం, మళ్లీ రాలిపోవడం. నునుపు గుండు మీద చెయ్యి వేసుకుని, నాన్నా, ఇప్పుడు నేను నిజంగా గుండీలా ఉన్నాను అంది పిల్ల. అతను నవ్వాడు. నవ్వి, మందుల షాపుకెళ్లే వంకతో మెట్ల దాకా వెళ్లి, అక్కడ కూర్చుండిపోయాడు.

ఎనిమిదో పుట్టినరోజుకి ఇరవై రోజుల ముందు పెద్ద డాక్టరు వాళ్లిద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. పథ్యాలేం వద్దు, ఏది అడిగితే అది పెట్టండి, నొప్పికి మాత్రం ఈ మందు ఆపకండి అన్నాడు. ఆ మాట ఇద్దరి చెవుల్లోనూ పడింది గానీ రెండు రకాలుగా పడింది. పిల్లను ఇంట్లో దించి అతను దుకాణానికి పోయి, పథ్యం తీసేశారంటే గట్టెక్కినట్టే కదా అని అందరికీ చెప్పాడు. తల్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాకిలి తలుపు వేసి, కుళాయి విప్పి, బకెట్టు నిండి పొర్లుతున్నా దాని పక్కనే నిలబడింది.

దుకాణంలో అతనితోపాటు ఒక ముసలామె పనిచేసేది. కాజాలు కుట్టడం, అంచులు చేత్తో కుట్టడం ఆమె పని. అతను పెద్దమ్మా అనేవాడు. గట్టెక్కినట్టేనన్న మాట వినగానే ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగిపోయింది. ఏదో అనబోయి, దారం కొస నోట్లో తడిపి, మంచిది నాయనా అంది.

పుట్టినరోజు గౌనుకి బట్ట పిల్లే ఎంచుకుంది. దుకాణం దాకా రాలేదు కనక అతను తానుల నుంచి చిన్న ముక్కలు కత్తిరించి, కాగితానికి గుచ్చి, మంచం మీదికి తెచ్చాడు. పిల్ల ఒక్కో ముక్కా చెంపకి ఆనించుకుని చూసింది. రంగు కోసం కాదట, మెత్తగా ఉందో లేదోనట. ఈమధ్య దుప్పటి మడత తగిలినా దానికి ఒళ్లు కందిపోతోంది. చివరికి లేత ఆకుపచ్చ మీద తెల్లచుక్కలున్న పల్చటి మల్లు బట్ట ముక్క దగ్గర ఆగింది. ఇది గాలిలా ఉంది నాన్నా అంది.

అప్పుడు అతను టేపు తియ్యాలి. మెడలోనే ఉంది. స్టూలు అవసరం లేదు, పడుకోబెట్టి కొలిచినా కొలవొచ్చు. పిల్ల కూడా చేతులు పక్కకి జరిపి ఎదురుచూసింది. కానీ అతను, నిద్రపో తల్లీ, నీ కొలత నాకు కంఠతా వచ్చు అన్నాడు.

ఏడో ఏటి గౌను పెట్టెలోంచి తీసి సంచిలో వేసుకుపోయాడు. కొలతకి మనిషి రాకపోతే పాత బట్ట తెచ్చిస్తారు, దాన్ని ఆది అంటారు. ఆది అబద్ధం చెబుతుందిరా, టేపు చెప్పదు అనేవాడు మేనమామ. పాతికేళ్లలో అతను ఆదిని నమ్మి కత్తెర పెట్టింది లేదు. ఆ రోజు పెట్టాడు. గౌనును బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, ఏటా కలిపినట్టే పొడుగుకి రెండంగుళాలు, ఛాతీకి రెండంగుళాలు కలిపాడు. అంచుకి నాలుగు. పక్కలకి రెండేసి. సుద్దగీత మీద కత్తెర నడుస్తుంటే అతనికి చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది. ఆ గీత లోపల ఒక పిల్ల ఉంది. బొద్దుగా, ఎనిమిదేళ్ల పిల్ల, పరిగెత్తుకొచ్చి నిలబడినట్టే ఉంది.

పుట్టినరోజు తెల్లవారేసరికి పిల్లకి జ్వరం. ఒళ్లు పెనంలా కాలుతోంది. తల్లి తడిగుడ్డ మార్చుతూ కూర్చుంది. అతను మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, గుండీలూ అంచూ మిగిలాయి, చిటికెలో వస్తానన్నాడు. ఈ రోజు ఆ గౌను తొడక్కపోతే ఏమవుతుందో అతను పైకి అనలేదు. మనసులో కూడా అనుకోలేదు. ఏడు గౌన్లు తొడిగాడు, ఎనిమిదోది తొడగాలి. తొడిగితే ఎనిమిదో ఏడు మొదలవుతుంది. మొదలైంది నడవకేం చేస్తుంది? అంతవరకే వచ్చి ఆగేది అతని ఆలోచన.

దుకాణంలో ముసలామె గౌను ఒళ్లో వేసుకుని కాజాలు కుట్టింది. పూర్తయ్యాక రెండు భుజాలూ పట్టుకుని ఎత్తి చూసింది. పిల్లను వారం కిందటే చూసొచ్చిన మనిషి.

"టేపు వేశావా నాయనా?" అంది.

అతను మిషను పాదం కింద దారప్పోగులు ఊదుతూ, ఆదికి కోశాను పెద్దమ్మా అన్నాడు. ఆమె గౌను మడత పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. సాయంత్రం వస్తానని చెప్పు గుండీకి అంది.

అతను వచ్చేసరికి పదకొండు. జ్వరం కాస్త దిగి పిల్ల మేలుకుని ఉంది. కిటికీలోంచి పడిన ఎండ మంచం కోడు దాకా వచ్చి, అంతకంటే దగ్గరికి రావడానికి జంకినట్టు ఆగింది. తల్లి పిల్లని లేపి దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. చేతులు ఎత్తలేదు కనక గౌను కాళ్ల మీదుగా ఎక్కించారు. ఎడం పక్కన, చంక కింద, దుప్పటి ఒరుసుకుని కందిన చోటుంది. దాన్ని తప్పించి మెల్లగా పైకి లాగారు. వెనక గుండీలు పెట్టింది తల్లి. పెట్టి, చేతులు తీసింది.

గౌను కుడి భుజం మీంచి జారింది. సర్దితే ఎడమ భుజం మీంచి జారింది. తెల్లచుక్కల ఆకుపచ్చ బట్ట మంచమంతా పరుచుకుంది, పిల్ల ఎక్కడో అందులో ఉంది. మెడ కిందుగా ఎముకలు రెండు, పక్షి కాళ్లలా.

పిల్ల తనను తాను చూసుకుంది. "నాన్నా, ఇందులో ఇంకా చోటుంది. అమ్మని కూడా రమ్మను" అంది.

పిల్లే కాస్త నవ్వి, నవ్వితే దగ్గొచ్చి ఆపేసింది.

తల్లి అతని వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. "టేపు మెళ్లో వేసుకుని తిరుగుతావు. దాని ఒంటి మీద వెయ్యకుండానే కోశావా?"

"లూజు పట్టేస్తాను, ఎంతసేపు."

"నేను అడిగింది అది కాదు."

అది కాదని అతనికీ తెలుసు. రోజూ పిల్లకి ఒళ్లు తుడిచేది ఆమె. నీళ్లగుడ్డ కింద ఒక్కొక్క ఎముకా పైకి తేలుతూ రావడం ఆమె చేతికి తెలిసినంత అతని కంటికి తెలియదు. తెలుసుకోకూడదని దుకాణంలో పొద్దుగూకేదాకా ఉంటున్నాడని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ఈ రోజు దాకా అనలేదు, అంతే.

కొలతలు తీద్దాం నాన్నా, పుస్తకం ఏది అంది పిల్ల.

వద్దనడానికి అతనికి వంక దొరకలేదు. తల్లి పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టి, పెన్సిలు వేళ్ల మధ్య దోపింది. గౌను విప్పారు. అతను మెడలోంచి టేపు లాగాడు. పాతికేళ్లలో ఎన్ని వేల ఒళ్ల చుట్టూ తిప్పి ఉంటాడో, ఇప్పుడు దాన్ని పట్టుకున్న చెయ్యి తనది కానట్టుంది. పిల్ల వీపు వెనక నుంచి టేపు ముందుకు తెచ్చాడు. బిగించలేదు. వదులుగా, గాలి ఆడేలా పట్టుకున్నాడు. అయినా టేపు వచ్చి వచ్చి ఒక అంకె దగ్గర కలిసింది.

"ఛాతీ ఇరవై నాలుగు" అని పిలిచాడు, దుకాణంలో పిలిచినట్టే.

పిల్ల రాయలేదు. తల వంచి అతని వేళ్ల మధ్య చూసింది.

"ఇరవై రెండు" అంది. తప్పు దిద్దినట్టు అంది, బాధగా కాదు. పెన్సిలుతో మెల్లగా రాసింది. రెండు. పక్కన ఇంకో రెండు. రాసి, పై వరసలు చూసుకుని, ఇది నా అయిదేళ్లప్పటి కొలత కదా నాన్నా అంది. అతను టేపు వేలికి చుట్టుకుంటూ, మళ్లీ విప్పుకుంటూ ఉండిపోయాడు. అయిదేళ్లప్పుడు నేను గోడెక్కేదాన్ని అని కూడా అంది పిల్ల, ఎవరితోనూ కాదు.

ఇంట్లో పాత చేతిమిషను ఉంది. దాని ముందు కూర్చుని అతను పక్క కుట్లు విప్పి లోపలికి పట్టాడు. మొత్తం అయిదంగుళాలు పట్టాలి. చెరో పక్కా రెండున్నర. పొడుగు కూడా మడిచాడు. చక్రం తిప్పుతుంటే మిషను గట్టిగా మూలిగింది, ఇన్ని పొరలు దానికి అలవాటు లేదు. అరగంటలో గౌను మళ్లీ ఎక్కించారు. భుజాల మీద నిలిచింది. ముందు నుంచి చూస్తే చక్కగా ఉంది. అతను ఊపిరి వదిలాడు.

పిల్ల పెదవి కొరుక్కుంది. చెప్పకూడదనే అనుకున్నట్టుంది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గుచ్చుకుంటోంది."

ఎక్కడని అడిగితే చంక కింద చూపించింది. లోపల ఇప్పుడు ఇదివరకటి రెండంగుళాలూ, కొత్తగా పట్టిన బట్టా కలిసి తాడులా మందంగా ముడుచుకున్నాయి. సరిగ్గా కందిన చోట ఒత్తుతున్నాయి. అతను మడతలు అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి ఇస్త్రీ చేశాడు, మధ్యలో దూది పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ తొడిగారు, తొడిగిన ప్రతిసారీ పిల్ల ఊపిరి బిగబట్టింది. మూడోసారికి అలిసిపోయి తల దిండు మీద వాల్చింది.

"లోపల ఉన్నది కోసెయ్యి నాన్నా."

కోయకూడదమ్మా అన్నాడు. ఎందుకంది. అతను నోరు తెరిచాడు. వేల మంది తల్లులకు కళ్లతో చెప్పిన జవాబు నాలుక మీదే ఉంది. రాలేదు.

పిల్లే, పెద్దవాళ్లు పిల్లల్ని బుజ్జగించే గొంతుతో అంది.

"విప్పే పనుండదులే నాన్నా."

అతను గౌను పట్టుకుని మిషను దగ్గరికి నడిచాడు. కత్తెర తీసుకున్నాడు. అంతసేపూ అతని మీద లోలోపల మండిపడుతున్న భార్య అప్పుడు వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"కొయ్యకు" అంది. "ఏమయ్యా, కొయ్యకు. ఎలాగోలా మడుద్దాం."

డాక్టరు మాట మొదటి రోజే అర్థమైన మనిషి. కుళాయి పక్కన నిలబడి ఒక్కతే దాన్ని మింగిన మనిషి. అయినా ఈ రెండున్నర అంగుళాల దగ్గర ఆమె ఆగిపోయింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇరవై రోజుల తర్వాత ఇద్దరూ ఒకే చోటికి వచ్చి చేరారు. చేరినందుకు సంతోషించే చోటు కాదది.

"దానికి నొప్పెడుతోంది" అన్నాడు.

ఆమె చెయ్యి వదిలింది.

మల్లుబట్ట తెగేటప్పుడు పెద్ద చప్పుడేం కాదు, ఎవరో చెవి దగ్గర ఊపిరి తీసినట్టుంటుంది. ఒక పక్క కోశాడు. రెండో పక్క కోశాడు. అంచు విప్పి అక్కడా కోశాడు. లోపల ఏమీ మిగల్చలేదు, కుట్టు నిలవడానికి కావలసిన దారమంత తప్ప. తెగిన పట్టీలు మూడు నేల మీద పడ్డాయి. ఇంకా ఎవరూ చూడని ఆకుపచ్చ. తల్లి వంగి వాటిని ఏరి, ముడతలు సాపుచేసి, మడిచి, పాత గౌన్లున్న పెట్టెలో పెట్టింది. కోసిన అంచుల మీద అతను చేత్తో సన్నటి కుట్టు వేశాడు, ఎక్కడా ముడి తగలకుండా.

ఈసారి తొడిగినప్పుడు పిల్ల కళ్లు మూసుకుని, చంక కింద ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంది.

ఇప్పుడు గాలిలా ఉంది అంది.

మధ్యాహ్నం రెండు చెంచాల పాలు తాగింది. సాయంత్రానికి జ్వరం మళ్లీ పైకెక్కింది. తడిగుడ్డ ఈసారి తల్లి చేతిలోంచి అతను తీసుకున్నాడు. నుదురు, మెడ, చేతులు. మోచెయ్యి ఎముక మీద గుడ్డ ఆగినప్పుడు అతను చూపు తిప్పుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు ముసలామె వచ్చింది. కొంగు చివర ముడి విప్పి, ముత్యంలా మెరిసే గుండీలు ఎనిమిది పిల్ల అరచేతిలో పోసింది. ఇవి మింగేవి కావు, చూసుకునేవి అంది. పిల్ల వాటిని దుప్పటి మీద వరసగా పేర్చబోయి, అయిదు పేర్చి, నిద్రలోకి జారిపోయింది.

ముసలామె మంచం పక్కన కూర్చుని గౌను కేసి చూసింది. భుజాల దగ్గర, నడుము దగ్గర, ఎక్కడా ఒక్క ముడత లేదు. అలవాటు చొప్పున ఆమె చెయ్యి అంచు మీదికి పోయింది. ఏ గౌను చేతికందినా ఆమె చేసే మొదటి పని అదే. అంచు తిరగేసి, లోపల ఎంత వదిలారో బొటనవేలితో తడిమి చూడడం. నలభై ఏళ్ల పనిలో వచ్చిన అలవాటు, అనుకుని చేసేది కాదు. అంచు తిరగేసింది. వేలు లోపలికి పోనిచ్చింది.

వేలికి ఏమీ తగల్లేదు.

పక్క కుట్టు దగ్గర చూసింది. అక్కడా అంతే. ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. అతను తడిగుడ్డ గిన్నెలో పిండుతూ, తల ఎత్తకుండా, ఆమె ఏమంటుందా అని చూశాడు. గుమ్మం దగ్గర నిలబడి తల్లి కూడా చూసింది.

ముసలామె అంచు మళ్లీ తిప్పి కిందికి దించింది. పిల్ల పిక్కల మీద దాన్ని సాపుచేసింది, ఒకసారి, రెండుసార్లు, ఇక సాపుచేయడానికేమీ లేకపోయినా మూడోసారి కూడా.

"బాగా కుదిరింది నాయనా" అంది.

పాతికేళ్లలో అతని పనిని ఆ మాట అన్నవాళ్లు లేరు. అతను గుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేశాడు. అది చూస్తుండగానే వేడెక్కింది. తీసి మళ్లీ ముంచాడు.